మసి మెగ్ తలుపు మీద నత్త

బెతియా గౌ కుంచె మొనను పెదవుల మధ్య పెట్టి సన్నగా తీసింది. తెల్లరంగు సుద్ద రుచి ఆమె నాలుకకు ఎంత అలవాటైపోయిందంటే, ఆదివారంనాడు ఆ రుచి తగలకపోతే నోరు చప్పబడినట్టుండేది. మెడలో గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు ఎత్తి ముక్కు మీద పెట్టుకుంది. మోచేతుల దగ్గర తోలుముక్కలు కుట్టిన బూడిదరంగు స్వెట్టరు, ఎప్పుడు కడిగినా తెల్లగానే ఉండే కుడి బొటనవేలి గోరు, ముడివిప్పడం మరిచిపోయిన తలగుడ్డ. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఉంది. కిటికీ అవతల టే నది కనిపించాలి, రైలు వంతెన కనిపించాలి. ఆ పొద్దున డండీ ఊరి మీదికి సముద్రం నుంచి వచ్చిన మంచు ఆ రెంటినీ మింగేసింది. పక్క మిల్లు పొగగొట్టం మాత్రం మొండిగా నిలబడి ఉంది.

ముందున్న అట్ట మీద మసి మెగ్ పరుగెడుతోంది.

పిల్లల బొమ్మల పత్రిక 'రంపస్' ప్రతి గురువారం వస్తుంది. బెతియా అందులో చేరేటప్పటికి మెగ్ వయసు తొమ్మిదేళ్ళు. ఇప్పుడూ తొమ్మిదేళ్ళే. మధ్యలో ఒక యుద్ధం వచ్చిపోయింది, చక్కెరకు రేషను వచ్చిపోయింది, బెతియా జుట్టు నెరిసింది. మెగ్ మాత్రం ప్రతివారం మొదటి గడిలో బొగ్గుల గది నల్లతలుపు తెరుచుకుని ఒళ్ళంతా మసితో బయటికి వస్తుంది, వీధివీధంతా నల్లచేతి ముద్రలు వేస్తుంది, చివరి గడిలో నాయనమ్మ చేతికి చిక్కి నీళ్ళ తొట్టిలో పడుతుంది. చెవి మెలిపెట్టే ఆ ముసలమ్మ వేళ్ళంటే దేశంలో పిల్లలందరికీ హడలు. మళ్ళీ గురువారానికి అంతా మామూలే.

ఆ బొమ్మలు ఎవరు గీస్తారో పిల్లలకు తెలియదు. తెలియకూడదన్నది ఆఫీసు కట్టడి. చిత్రకారుడు పేరు పెట్టకూడదు, పొడి అక్షరాలు కూడా పెట్టకూడదు. పెడితే తెల్లరంగుతో కప్పేయాలి. ఆ కప్పేసే మనిషి బెతియా. పెన్సిలు గీతలు రబ్బరుతో చెరపడం, మాటల బుడగలు జిగురుతో అతికించడం, హద్దు దాటిన సిరాను దిద్దడం, పేర్లు మాయం చేయడం. సాయంత్రం నాలుగింటికి వాటీ వచ్చి అట్టలు చంకన పెట్టుకుని అచ్చుబ్లాకులు చేసే విభాగానికి పట్టుకుపోతాడు. ఇంతే ఆమె ఉద్యోగం. చెప్పుకోవడానికి ఏముందని ఆమే అంటుంది.

ఒక్కటుంది. దాన్నే ఆమె ఎవరికీ చెప్పదు.

మసి మెగ్‌ను గీసేవాడు అలిక్ కార్గిల్. తీరం వెంట పైకి పోతే వచ్చే ఆర్‌బ్రోత్‌లో ఉంటాడు, ఆఫీసుకు రాడు, బొమ్మలు తపాలాలో పంపుతాడు. పేరు పెట్టకూడదన్నారు కదా, ఆయన పేరు పెట్టలేదు. బొమ్మలో ఓ మూల చిన్న నత్తను గీశాడు. బియ్యపుగింజంత నత్త. పిల్లల కళ్ళు ఊరుకుంటాయా! ఈ వారం నత్త ఎక్కడుందో కనిపెట్టామంటూ ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. ఆ నత్త మీ ఊళ్ళో ఉంటుందా, దాని పేరేమిటి, దాన్ని గీసిన మామయ్య పేరేమిటి అని అడిగారు. సంపాదకుడు రాట్రేకు ఒళ్ళు మండింది.

"ఇంకొక్క నత్త అచ్చులో కనబడిందంటే కార్గిల్‌కి ఇదే ఆఖరు. మెగ్‌ని ఇంకొకడి చేతికిస్తా. ఆ మాటే ఉత్తరంలో రాసి పడేశాను," అన్నాడు.

మరుసటి వారం వచ్చిన అట్ట మీద నత్త కనిపించలేదు. రాట్రే పొంగిపోయాడు. బెతియా మాత్రం పెన్సిలు గీతలు చెరుపుతూ చెరుపుతూ నాయనమ్మ కొప్పులో ఒక వెంట్రుక మెలిక దగ్గర ఆగిపోయింది. అది మెలిక కాదు. దానికి రెండు కొమ్ములున్నాయి.

ఆమె అటూ ఇటూ చూసింది. కుంచె మొన పెదవుల మధ్య పెట్టుకుంది. కప్పేసింది. ఎవరితోనూ అనలేదు, దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది. నిజానికి దొంగతనం ఆమెది కాదు. పొట్టకూటికి బొమ్మలు గీసుకునే మనిషి ఉద్యోగం తన కుంచె మొన మీద నిలబడి ఉందని మాత్రం ఆ రోజే అర్థమైంది.

అప్పటి నుంచీ ప్రతివారం ఇదే. పొగ సుడిలో నత్త, సబ్బు నురగలో నత్త, చేపలావిడ తట్టలో నత్తగుల్లల నడుమ అసలు నత్త. ఒకసారైతే నాయనమ్మ బూటు మడమ కింద, అణిగిపోవడానికి సిద్ధంగా. ఆయన దాచేవాడు, ఈమె పట్టేది. పట్టగానే ఛాతీలో చిన్న వెలుగు వెలిగేది. కప్పేశాక అది ఆరిపోయేది. ఒక్క నత్తా ఆమె కళ్ళు గప్పి గురువారానికి చేరలేదు.

ఇవాళ చిక్కలేదు.

కాస్త వింతగానే మొదలైంది రోజు. కార్గిల్ అట్ట ఎప్పుడూ గోధుమరంగు కాగితంలో, చేపల వలకు వేసే ముడి వేసిన పురికొసతో వస్తుంది. విప్పితే పొగబెట్టిన చేపల వాసన గుప్పుమంటుంది. ఆయన ఇంటి పక్కనే చేపలకు పొగబెట్టే కొట్టం ఉందట. ఈ పొద్దున మాత్రం అట్ట ఏ చుట్టూ లేకుండా బల్ల మీద పడి ఉంది. రాట్రే విప్పి ఉంటాడనుకుంది. వాసన రాలేదు. తన ముక్కు మూసుకుపోయిందనుకుంది.

గడి తర్వాత గడి గాలించింది. నల్లతలుపు, దాని గొళ్ళెం, గులకరాళ్ళ వీధి, రాయి రాయి. కుక్క తోక. మాంసం కొట్టువాడి మీసం. ఆరేసిన బట్టల మడతలు. తొట్టిలో నీళ్ళు. అట్టను తలకిందులు చేసి చూసింది. భూతద్దం తీసింది. కళ్ళలో వత్తులు వేసుకుని చూసినా నత్త జాడ లేదు.

పదిన్నరకు టీ బండి గడగడమంటూ వచ్చింది. దాన్ని తోసే ఐసా ఒకప్పుడు జనపనార మిల్లులో మగ్గాల మీద చేసిన మనిషి. మగ్గాల రొద మధ్య పెరిగిన గొంతు, తగ్గించి మాట్లాడటం తెలియదు. ఈ నత్త సంగతి తెలిసిన మరో ప్రాణి ఆమె ఒక్కతే. అదీ బెతియా చెప్పగా కాదు, ఓసారి భుజం మీంచి తొంగిచూసి పట్టేసింది.

"ఏంటే, ఆ పిల్లని కళ్ళతోనే మింగేస్తావా ఏంటి? టీ చల్లారిపోతోంది."

"చిక్కట్లేదే ఐసా."

"ఏదీ, అదా?" ఐసా గొంతు తగ్గించాననుకుని గదికంతా వినబడేలా అంది. "మా ఆయనా అంతే. పెళ్ళైన కొత్తలో ఎక్కడ చూసినా ఆయనే. ఇప్పుడు శనివారం సాయంత్రం పబ్బులన్నీ గాలించాలి."

"నవ్వులాట కాదు. నాలుగింటికి వాటీ వచ్చేస్తాడు. నేను చూడకుండా ఇది అచ్చుకెళ్ళిందనుకో, పిల్లలు పట్టేస్తారు. ఆ తర్వాత ఆయన నోటిదగ్గర కూడు పోతుంది."

"ఈసారి గీయలేదేమోనే. ముసలాడయ్యాడు కదా, మరిచిపోయుంటాడు."

"ఆయన మరిచిపోడు."

"అబ్బో! ఏదో కాపురం చేసినట్టు చెప్తున్నావ్. ఎన్నిసార్లు చూశావేంటి ఆయన్ని? ఒక్కసారి. అదీ మెట్ల మీద. అదీ వానలో తడిసిన కోడిలా ఉన్నప్పుడు."

ఆ మాట నిజమే. ఒక ఏడు పోస్టువాళ్ళు సమ్మె చేస్తే కార్గిల్ అట్టను కోటు లోపల పెట్టుకుని స్వయంగా వచ్చాడు. పొడుగ్గా, కాస్త వంగి, టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతూ మెట్లెక్కుతున్నాడు. ఆమె దిగుతోంది. ఆయన ఆమె బొటనవేలి గోరు చూసి ఆగాడు.

"నా నత్తల్ని చంపేది మీరేనా?"

"చంపట్లేదండి, కప్పుతున్నాను."

"అన్నీ దొరుకుతున్నాయా?"

"ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు."

ఆయన ముఖమంతా విప్పారింది. ఓడినవాడి నవ్వు కాదది. "అయితే ఎవరో ఒకరు చూస్తున్నారన్న మాట," అని టోపీ ఎత్తి, ఆమె మీద నాలుగు చుక్కలు చిలకరించి, పైకి వెళ్ళిపోయాడు. అంతే. దాన్ని ప్రేమ అనడానికి వీల్లేదు. స్నేహం అనడానికీ వీల్లేదు. కానీ ఆ రాత్రి బెతియాకు నిద్ర పట్టలేదు. ఒక మనిషి వారమంతా కూర్చుని తన ఒక్కదాని కోసం ఒక బొమ్మ గీస్తున్నాడని అంతకుముందు ఆమెకు తోచలేదు.

ఇంటి దగ్గర తల్లి ఉండేది అప్పట్లో. మగ్గాల హోరులో చెవులు పోగొట్టుకున్న మనిషి. మాటలన్నీ పెదవుల కదలిక, చేతి సైగలే. బెతియా మేడమెట్లు ఎక్కి తలుపు తీయగానే పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి రెండు వేళ్ళు నుదుటి మీద కొమ్ముల్లా పెట్టి కనుబొమలు ఎగరేసేది. ఈవేళ ఎక్కడ? బెతియా సైగ చేసి చూపేది, కొప్పులో, నురగలో, మడమ కింద. తల్లి చప్పుడు లేకుండా ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వేది. తల్లి పోయి ఆరేళ్ళు. ఇప్పుడు కూడా, మెగ్ అట్ట వచ్చే మంగళవారం సాయంత్రం తలుపు తీసేటప్పుడు బెతియా చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగిపోతుంది.

మధ్యాహ్నం మాంసం కూరి కాల్చిన బ్రైడీ సగం తిని, జిడ్డంటిన వేళ్ళు తుడుచుకుని, నేలమాళిగలోని పాత అట్టల గదికి వెళ్ళింది. ఆయన ఎప్పుడో దాచిన చోటే మళ్ళీ దాచాడేమో చూద్దామని. అలమరల నిండా మెగ్‌లు, వరసగా, దుమ్ము పట్టి. ఒక అట్ట తీసి దీపం కిందికి తెచ్చింది. కంటికేమీ కనిపించలేదు. కంటికి కనిపించకుండా చేయడమే కదా తన పని. కళ్ళు మూసుకుని వేలితో తడిమింది. కొప్పు దగ్గర చిన్న బొడిపె తగిలింది. తెల్లరంగు పొర కింద నత్త అలాగే ఉంది. ఇంకో అట్ట, ఇంకో బొడిపె. ఈ గదిలో ఇన్ని నత్తలు చీకట్లో పడుకుని ఉన్నాయని, ఆ సంగతి లోకంలో తన వేలికి ఒక్కదానికే తెలుసని అనిపించి బెతియా కాసేపు అక్కడే నిలబడిపోయింది.

పైకి వచ్చి కొత్త అట్టను కూడా కళ్ళు మూసుకుని తడిమింది. నున్నగా ఉంది.

మూడింటికి నార్మన్ డఫ్ వచ్చాడు. పై అంతస్తులో చిన్నచిన్న బొమ్మలు గీసే మనిషి, ముప్పై దాటినవాడు, నెమ్మదస్తుడు. ఈ గదికి ఎప్పుడూ రాడు. టై మెలిపెడుతూ నిలుచున్నాడు.

"అంతా బాగానే ఉందా, మిస్ గౌ?"

"ఉందండి."

"నాయనమ్మ చేతులు?"

"నాయనమ్మ చేతులకేమైంది?"

"ఏం లేదు, ఏం లేదు. ఊరికే అడిగాను." చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళిపోయాడు.

ఈయనకేం పట్టిందో అనుకుంది బెతియా. ఆమె ధ్యాసంతా గడియారం మీద ఉంది. నాలుగు కాబోతోంది. ఏం చేయాలి? రాట్రేకు నిజం చెబితే ఇన్నేళ్ళూ దాచిందంతా బయటపడుతుంది, కార్గిల్ పని అప్పుడే అయిపోతుంది. చెప్పకుండా అట్ట పంపితే గురువారానికి అయిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక్క రాత్రి దొరికితే చాలు, ఇంటికి తీసుకుపోయి పొయ్యి వెలుగులో చూస్తే చిక్కుతుంది. చిక్కకపోవడమేమిటి, ఇంతవరకూ తప్పింది లేదు కదా.

లేచి రాట్రే గది తలుపు తట్టింది.

రాట్రే ఉన్నికోటు బొత్తాలు పెట్టుకోవడానికి కూడా పొట్ట అడ్డం వచ్చే మనిషి. ఇన్నేళ్ళూ పిల్లల నవ్వులు అచ్చువేసి తాను నవ్వడం మరిచిపోయాడని ఆఫీసులో అనుకుంటారు. పైపు నోట్లోంచి తీయకుండా తలెత్తాడు.

"సార్, మెగ్ అట్ట ఒక్కరోజు ఆపుతారా?"

"ఎందుకు?"

చెప్పడానికి ఏమీ తయారుచేసుకోలేదని అప్పుడు తెలిసింది ఆమెకు. "అందులో... ఏదో తేడాగా ఉంది సార్."

రాట్రే పైపు కింద పెట్టాడు. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. ఉన్నట్టుండి ముసలివాడిలా కనిపించాడు.

"కూర్చోండి మిస్ గౌ. మీరు కనిపెట్టేస్తారని నేను అనుకుంటూనే ఉన్నా."

ఆమె కూర్చుంది.

"అలిక్ పోయి మూడు వారాలైంది. ఒడ్డున పడవ మీద కూర్చుని గీసుకుంటున్నాడట. పక్కింటి చేపలావిడ పలకరిస్తే పలకలేదట. ఆయన ముందుగా పంపి ఉంచిన అట్టలు పోయినవారంతో అయిపోయాయి. ఇది నార్మన్ గీశాడు."

బయట బల్లల దగ్గర ఎవరో నవ్వుతున్నారు. బెతియాకు ఆ నవ్వు ఎక్కడో దూరంగా వినిపించింది.

"మాకెవరికీ చెప్పలేదే, సార్."

"చెప్పం కదా. మీకు తెలియందేముంది. బయటికి పొక్కితే పేపర్లవాళ్ళు రాస్తారు, పిల్లలు బెంగపెట్టుకుంటారు. మన దగ్గర ఎవరూ పోరు మిస్ గౌ. మెగ్ గురువారం రావాలి, వస్తుంది." రాట్రే పైపును బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. "అంత్యక్రియలకు నేను వెళ్ళాను. నేనూ, చేపలవాళ్ళు నలుగురూ. సరే, చెప్పండి. తేడా ఎక్కడ? నాయనమ్మ చేతులే కదా? నార్మన్ అదే భయపడుతున్నాడు. పాపం పాత సంచికలన్నీ ముందేసుకుని, ప్రతి గీతా చూసి చూసి నేర్చుకున్నాడు."

పాత సంచికలు చూసి నేర్చుకున్నాడు. బెతియాకు అప్పుడు తెలిసింది. సంచికల్లో నత్త ఎక్కడుంటుంది? వెతికి వెతికి, ఒక్కటి కూడా మిగలకుండా కప్పేసింది తనే. మనిషి గీసిన ప్రతి గీతా నేర్చుకున్నాడు నార్మన్, ఆ మనిషి తన కోసం గీసుకున్న ఒక్క గీత తప్ప. దాన్ని అతనికి లేకుండా చేసింది ఆమె చేతులే.

"చేతులు బాగానే ఉన్నాయి సార్," అంది. గొంతు జలుబువల్ల బొంగురుగా ఉండటం మేలైంది. "తేడా ఏం లేదు. నా కళ్ళే సరిగా లేవు ఇవాళ."

రాట్రే బరువు దిగినట్టు వెనక్కి వాలాడు. "మీకే తేడా తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు. హమ్మయ్య." పైపు మళ్ళీ అందుకున్నాడు. "మంచి మనిషి అలిక్. ఆ నత్తల గొడవ ఒకటి ఉండేది, గుర్తుందా? ఒక్కసారి చెప్పాను. అంతే, మళ్ళీ గీయలేదు. అంత బుద్ధిమంతుడు."

బెతియా లేచి, నమస్కారం పెట్టినట్టు తల వంచి బయటికి వచ్చింది. వరండా చివర కోట్లు తగిలించే మూలకు వెళ్ళి, తన తడి కోటులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపు కాదు. వాటీ వచ్చే వేళయింది.

బల్ల దగ్గర కూర్చుంది. దీపం దగ్గరికి లాక్కుంది. మొదటి గడిలో బొగ్గుల గది తలుపు నిండు నలుపుగా ఉంది. నార్మన్ సిరా బాగా పట్టించాడు. ఆమె తన జన్మలో ఒక్క బొమ్మ కూడా గీయలేదు. బడిలో పిల్లి బొమ్మ గీస్తే టీచరు గుమ్మడికాయనుకుంది. కానీ ఈ ఒక్క బొమ్మను ఆమె చూసినన్నిసార్లు భూమ్మీద ఎవరూ చూడలేదు. కుంచె మొనను పెదవుల మధ్య పెట్టుకుంది. సుద్ద రుచి తగిలింది. కప్పడానికి తప్ప ఎన్నడూ వాడని తెల్లరంగులో ముంచింది.

ఒక మెలిక, దాని లోపల ఇంకో మెలిక, కింద పొడుగ్గా పాదం. రెండు కొమ్ములు.

ఇప్పుడు అచ్చులో నత్త కనబడితే ఉద్యోగం పోవలసిన మనిషి లేడు. పోతే తనదే పోవాలి. పోనీ అనుకుంది. ఎంత నెమ్మదిగా అనుకుందంటే, ఆ మాట అనుకున్నట్టు ఆమెకే సరిగా తెలియలేదు.

"అయిపోయిందా?" వాటీ చెయ్యి చాచాడు.

"ఇంకా తడిగా ఉంది. మెగ్‌ని పైన పెట్టుకో, వాటీ. దాని మీద ఏదీ ఆనించకు."

అట్ట వెళ్ళిపోయింది. ఐసా ఖాళీ కప్పులు ఏరుకుంటూ వచ్చి ఆమె ముఖం చూసి, బండి ఆపింది.

"చిక్కిందా?"

"చిక్కింది," అంది బెతియా.

ఆ సాయంత్రం మంచులో ఇంటికి నడిచి, మేడమెట్లు ఎక్కి, తలుపు తీసింది. చెయ్యి నుదుటి దాకా వెళ్ళింది. ఈసారి ఆగలేదు. రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టి, ఖాళీ కుర్చీకి తలుపు వైపు చూపించింది.

ప్రూఫు మీద రాట్రే పొడి సంతకం మామూలుగానే వచ్చింది. చూశాడో, చూసి ఊరుకున్నాడో ఆమె అడగలేదు.

మరుసటి మంగళవారం నార్మన్ కొత్త అట్ట పట్టుకుని తనే వచ్చాడు. ఈసారి టై మెలిపెట్టలేదు. తలుపు మీద వేలు పెట్టి, తప్పు ఒప్పుకునే పిల్లాడిలా నవ్వాడు.

"పోయినవారం ప్రూఫులో చూశాను మిస్ గౌ. ఈ తలుపు మీద నత్త ఒకటి ఉంటుంది కదా! నా అట్టలో లేకపోతే మీరే సర్దినట్టున్నారు. ఇన్ని సంచికలు తిరగేశాను, నా కంటికి ఎలా ఆనలేదో. ఎప్పటినుంచీ ఉంది అది?"

"మొదటి నుంచీ ఉంది," అంది బెతియా.

అతను వెళ్ళాక కళ్ళద్దాలు పెట్టుకుని పని మొదలుపెట్టింది. పెన్సిలు గీతలు చెరిపింది. బుడగలు అతికించింది. మాంసం కొట్టువాడి మీసం దగ్గర హద్దు దాటిన సిరాను తెల్లరంగుతో దిద్దింది. నల్లతలుపు మీద, గొళ్ళెం కింద, బియ్యపుగింజంత నత్త రెండు కొమ్ములు చాచుకుని అలాగే ఉంది.